ఉప్పునీళ్ళ వర్కింగ్ మోడల్

2023 మే నెల. గుడివాడలో మా స్టేషనరీ షాపు. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది, గాలి మాత్రం ఎదురింటివాళ్ళకి వెళ్తున్నట్టుంది. ఒక ప్రైవేటు స్కూలు వెనక వీధి మాది. ముందు గది షాపు, వెనక గదులు ఇల్లు. నోటు పుస్తకాలు, పెన్నులు, చార్టులు, గిఫ్టు కవర్లు ఏ షాపులోనైనా దొరుకుతాయి. మా షాపుకి జనం వెతుక్కుంటూ వచ్చేది ప్రాజెక్టుల కోసం.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెబుతాను. సెలవులిచ్చేటప్పుడు స్కూళ్ళవాళ్ళు హాలిడే హోంవర్క్ అని ఒక కాగితం ఇస్తారు. పిల్లలు సెలవుల్లో నేర్చుకున్నది మరిచిపోకూడదనీ, చేతులతో సొంతంగా ఏదో ఒకటి చెయ్యాలనీ అందులో ఒక మోడల్ కూడా రాస్తారు. ఉద్దేశం బంగారం లాంటిది. ఆ కాగితాన్ని పిల్లలు అమ్మకిస్తారు, అమ్మ నాన్నకిస్తుంది, నాన్న తెచ్చి నాకిస్తాడు. మోడల్ నేను చేస్తాను. సొంతంగా చేసింది మాత్రం పిల్లలే అని కింద స్కెచ్ పెన్నుతో పేరు రాస్తాం.

మోడల్సు రెండు రకాలు. కదలకుండా కూర్చునేది స్టిల్ మోడల్: గుండె, కిడ్నీ, సౌర కుటుంబం. కదిలేదో, వెలిగేదో, పొంగేదో వర్కింగ్ మోడల్: డ్యాము, డ్రిప్ ఇరిగేషన్, అగ్నిపర్వతం. థర్మకోల్‌ని వేడి తీగతో కోసే కట్టరు, జిగురు కరిగించి పోసే గ్లూ గన్, కాస్త గట్టిగా ఉండే సన్‌బోర్డు షీట్లు, ఇవీ మా ఆయుధాలు. మే నెల ఎండలో చెమట పట్టిన చేతులకి థర్మకోల్ పొట్టు అంటుకుంటే అది అన్నంలోకీ వస్తుంది, పక్కలోకీ వస్తుంది.

ఈ పనిలోకి నేను డబ్బు కోసం రాలేదు. కుదురు లేక వచ్చాను. ఊరికే కౌంటరులో కూర్చోమంటే నావల్ల కాదు. ఎవరైనా కత్తెర వంకరగా పట్టుకుంటే నా అరచేతులు దురద పెడతాయి. పెళ్ళి భోజనాల్లో పక్కావిడ విస్తరాకు సరిగ్గా వేసుకోకపోతే నేనే సర్దుతాను. మా అత్తగారు నన్ను కాపురానికొచ్చిన కొత్తల్లోనే చూసి, "ఈ పిల్ల నిద్రలో కూడా దుప్పటి మడతపెట్టేట్టుంది" అన్నారు. ఆవిడ అన్నది చాలావరకు నిజమే.

ఆరోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. చార్టు ముక్కతో విసురుకుంటూ కాలుగాలిన పిల్లిలా షాపులో అటూ ఇటూ తిరుగుతుంటే, ఒక మనిషి పదేళ్ళ పిల్లని వెంటబెట్టుకుని వచ్చాడు. పిల్ల రెండు జడల నుంచీ నూనె కారుతోంది. అంత ఎండలో ఆ నుదురు మెరిసిపోతోంది.

"అక్కా, ప్రాజెక్టులు చేసేది మీరేనంట కదండీ?"

"నేనే. ఏ క్లాసు?"

"అదేనక్కా తేలాల్సింది."

అతని పేరు నాంచారయ్య. చేపల లారీకి డ్రైవరు. కైకలూరు వైపు చెరువుల దగ్గర లోడు ఎత్తుకుని కలకత్తా దాకా వెళ్ళొస్తుంటాడు. ఊరు దివిసీమలో నాగాయలంక దాటి ఇంకా కిందకి వెళ్ళాలి. పిల్ల పేరు హారిక. అక్కడ తాత దగ్గర ఉండి అయిదో తరగతి పూర్తి చేసింది. ఇక్కడే చదివిద్దామని భార్యాపిల్లల్ని మా వెనక సందులోకి తెచ్చి, పిల్లని మా ముందు వీధి స్కూల్లో చేర్పించాడు. పరీక్ష పెట్టి చూసి, పిల్లకి ఇంగ్లీషు చాలలేదు, మళ్ళీ అయిదులోనే కూర్చోబెడదాం అన్నారట వాళ్ళు. ఇతను బతిమాలుకుంటే ప్రిన్సిపాల్ మేడం ఒక దారి చెప్పింది. మే నెలంతా పొద్దున్నే బ్రిడ్జ్ కోర్సుకి రావాలి, అంటే వెనకబడిన పిల్లలకి సెలవుల్లో చెప్పే పాఠాలు. స్కూలు తెరిచాక అందరితో పాటు ఒక వర్కింగ్ మోడల్ పెట్టి, దాన్ని తనే వివరించాలి. అది చూసి ఆరా, అయిదా తేలుస్తారు.

"ఏడాది పోద్దక్కా. పిల్ల ఈడోళ్ళంతా పైకెళ్ళిపోతే ఇది చిన్నపిల్లల మధ్య కూర్చోవాలి," అన్నాడు నాంచారయ్య.

"అయిదులో కూర్చోబెడితే నేను తాత దగ్గరికెళ్ళిపోతా. ఇంక బడికే వెళ్ళను," అంది హారిక, నేలకేసి చూస్తూ. అలిగి అన్న మాట కాదది. ముందే తేల్చుకుని వచ్చినట్టు అంది.

నేను అలవాటు ప్రకారం లోపల్నుంచి డ్యాము శాంపిల్ తెచ్చి కౌంటరు మీద పెట్టాను. నీళ్ళు పోస్తే చిన్న చక్రం తిరుగుతుంది, బల్బు వెలుగుతుంది. నిజానికి బల్బుకి అడుగున బ్యాటరీ ఉంటుంది, స్విచ్ నొక్కాలి. నాంచారయ్య మొహం వెలిగిపోయింది. పిల్ల మాత్రం దాని చుట్టూ తిరిగి చూసింది.

"ఇదెక్కడుందత్తా?"

"ఎక్కడో ఉంటుందిలే. కొండల్లో."

"మరి నేనేం చెప్పను?"

"మేం రాసిస్తాం కదమ్మా, బట్టీ పట్టెయ్యి."

"వాళ్ళు ఇంకోటి అడిగితే?"

ఇన్నేళ్ళలో నన్ను ఏ పిల్లా ఆ మాట అడగలేదు. బల్బు ఎర్రది పెట్టండి, నీలంది పెట్టండి అని అడిగినవాళ్ళే. నాకు ఒళ్ళు మండింది. నా డ్యాముకి వంక పెట్టినవాళ్ళు కూడా అప్పటిదాకా ఎవరూ లేరు. "అయితే నీకేం తెలుసో చెప్పు," అన్నాను, గొంతు కాస్త పెంచే.

అది తడుముకోలేదు. "మా డ్రెయిన్ తలుపు తెలుసు."

తర్వాత అది చెప్పింది వినడానికి నేను విసురుకోవడం ఆపాను. వాళ్ళ ఊళ్ళో చేల నీళ్ళన్నీ డ్రెయిన్‌లోంచి సముద్రం వైపు వెళ్తాయి. డ్రెయిన్ చివర తూముకి ఒక ఇనప తలుపు వేలాడుతుంటుంది. సముద్రం పోటు మీదున్నప్పుడు ఉప్పునీళ్ళు వెనక్కి తన్నుకొస్తాయి. ఆ నీళ్ళే తలుపుని నెట్టి మూసేస్తాయి. పాటు రాగానే సముద్రం వెనక్కి తగ్గుతుంది, చేల వైపు నీళ్ళు తలుపుని తోసుకుని బయటికి పోతాయి. మనిషి అక్కర్లేదు, మోటారు అక్కర్లేదు. తాత అప్పుడప్పుడు గట్టు దిగి కీలుకి గ్రీజు రాసేవాడు. మోకాళ్ళు పట్టేశాక వెళ్ళలేకపోయాడు. ఎవరూ రాయలేదు. ఒక ఏడాది తలుపు మూసుకోలేదు, చేలోకి ఉప్పునీళ్ళొచ్చాయి. ఇప్పటికీ అందులో వరి సరిగ్గా పండదట.

"అదే చేస్తా," అంది.

నాంచారయ్య తల గోక్కున్నాడు. "అందులో లైటు వెలగదు కదే."

"తలుపు మూసుకుంటుంది."

సరే, నేను రేపు లోడుతో వెళ్ళాలి, మీరే ఏదో ఒకటి చూడండక్కా అని అతను వెళ్ళిపోయాడు. పిల్ల నాకు మిగిలింది.

మర్నాటి నుంచీ బ్రిడ్జ్ కోర్సు అవగానే స్కూలు బ్యాగుతో సహా మా షాపుకి వచ్చేది. వెనక గది గుమ్మంలో కూర్చునేది. దాని జడలు తగిలి నా చార్టులన్నీ నూనె మరకలు. "మీ అమ్మ తలకి పెట్టిన నూనెతో మా ఇంట్లో వారం రోజులు కూర వండుకోవచ్చే," అనేదాన్ని. అది నవ్వేది కాదు. దాని ధ్యాస దానిది.

పాత ప్లాస్టిక్ టబ్బు ఒకటి ఇచ్చాను. మధ్యలో సన్‌బోర్డుతో అడ్డుగోడ, గోడకి ఒక కంత, కంతకి వేలాడే తలుపు. ఒక పక్క చేను, ఒక పక్క సముద్రం. నేనైతే కాఫీ తాగినంత సేపట్లో చేసి పారేస్తాను. అది సన్‌బోర్డు కోయడానికే ఒక పూట తీసుకుంది. కత్తి జారేది. గీత వంకర పోయేది. మళ్ళీ గీసేది. చూస్తూ ఉండటం నాకు నరకం. "ఇలా ఇవ్వు" అని నేను చెయ్యి చాపడం, అది టబ్బుని వెనక్కి లాక్కోవడం.

"మీరు చేస్తే మీకు తెలుస్తుందత్తా, నాకు తెలీదు."

పొగరు అనుకున్నాను. కానీ నా చేతులకి ఆ మాట అర్థం కాదు కదా, మళ్ళీ వెళ్ళేవి. రెండో రోజో మూడో రోజో మా అత్తగారు ఇది చూసి, ఒక పెద్ద బేసిను నిండా చింతపండు తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. వేసవిలో ఏడాదికి సరిపడా చింతపండు కొని, పిక్కలూ పీచూ తీసి జాడీల్లో దాచుకోవడం మా వైపు ప్రతి ఇంట్లో ఉన్నదే. "నీ చేతులు ఊరుకోవు, పిల్లని బతకనివ్వవు. ఇది వొలుచు," అన్నారు.

"అత్తయ్యా, ఆ గోడ అలా అతికిస్తే కారిపోతుందండీ!"

"కారనీ. నీళ్ళే కదా. నువ్వు పిక్క తియ్యి."

కారింది. షాపంతా తడిసింది, గిఫ్టు కవర్ల కట్ట ఒకటి పాడైంది. హారిక టబ్బు తలకిందులు చేసి చాలాసేపు చూసి, అంచుల్లో పుట్టీ పెట్టింది. అప్పుడు తలుపు పని చెయ్యలేదు. సైకిలు ట్యూబు ముక్కతో చేసిన తలుపు నీళ్ళల్లో పైకి తేలిపోయింది. తేలికగా ఉందని నాకు చూడగానే తెలిసింది. బరువు కట్టవే అన్న మాట నాలుక చివరికొచ్చి ఆగింది. చింతపండు పిక్కని గట్టిగా నలిపాను. అది లేచి వీధి చివర సైకిలు షాపుకి పోయి, రెండు పాత నట్లు అడుక్కొచ్చి తలుపు అడుగున అంటించింది. కీలుకి మా సందులో కడుతున్న మేడ దగ్గర దొరికిన బైండింగ్ వైరు ముక్క, అంటే ఊచలు కట్టే సన్న ఇనప తీగ. దాన్ని ఖాళీ రీఫిల్ ముక్కలోంచి దూర్చింది.

మళ్ళీ నీళ్ళు పోసింది. సముద్రం వైపు పోస్తే తలుపు టక్కున మూసుకుంది. చేను వైపు పోస్తే తెరుచుకుంది. మా అత్తగారు చప్పట్లు కొట్టారు. నేను లేచి వెళ్ళి నా చేత్తో ఒకసారి పోసి చూసుకున్నాను. నా ఒళ్ళంతా చింతపండు, నాకు చెప్పలేనంత సంతోషం.

"అయిపోయిందిగా. కాస్త నీలం రంగు కలుపు, సముద్రంలా ఉంటుంది," అన్నాను.

"ఉప్పు ఇవ్వండత్తా."

"ఎందుకే?"

"ఉప్పు వెయ్యకపోతే అది సముద్రం ఎట్టా అవుద్ది?"

కల్లుప్పు దోసిలి నిండా వేసి కలిపింది. ఆరోజు నుంచీ ఆ టబ్బులో ఉప్పునీళ్ళే.

జూన్ మొదట్లో నాంచారయ్య లారీ దిగి నేరుగా షాపుకొచ్చాడు. దారి పొడుగునా ఎక్కడ ఆగితే అక్కడి నుంచి ఫోన్ చేసి "అయ్యిందాక్కా, ఎలా వచ్చిందక్కా" అని నన్ను తినేసిన మనిషి. టబ్బు చూశాడు. బురద రంగు గోడ, నల్లటి ట్యూబు ముక్క, అటు పక్క అంటించిన ఎండు గడ్డి. అతని మొహం పడిపోయింది.

"ఇదేంటక్కా ఇట్టా ఉంది?"

"పని చేస్తుందయ్యా. పోసి చూడు."

"పనికేం, చేస్తుంది. మిగతా పిల్లలు లైట్లూ పొగలూ పెట్టుకొస్తారు. వాళ్ళ మధ్యన దీన్ని పెడితే మేడం గారు దగ్గరికన్నా వస్తారా? దివిసీమ నుంచి వచ్చాం, బురద తెచ్చాం అన్నట్టు ఉండదూ?"

అతను లోపల షెల్ఫులో ఉన్న డ్యాము చూపించి అదే కావాలన్నాడు. వద్దని చెబుదామని నోరు తెరిచాను. కానీ అతని భయం కూడా నాకు అర్థమైంది. పిల్ల ఏడాది అతని గుండెల మీద ఉంది. నేను వద్దని, అక్కడ పిల్ల తేలిపోతే ఆ మాట జన్మంతా మోయాలి. డ్యాముకి కవరు తొడిగి ఇచ్చాను. పిల్ల తన టబ్బుని రెండు చేతులా ఎత్తుకుని, నీళ్ళు ఒలకకుండా మెల్లగా తండ్రి వెనక వెళ్ళింది.

తర్వాత అది షాపుకి రాలేదు. నాకు కాలూ చెయ్యీ ఆడలేదు. సందు చివరిదాకా ఏదో పని ఉన్నట్టు వెళ్ళి, వాళ్ళ గుమ్మం కేసి చూసి వెనక్కి వచ్చేదాన్ని. పిలవడానికి మొహం చెల్లేది కాదు. సెలవులు అయిపోయే రోజులు, షాపు నిండా జనం. ఒక్కొక్కరూ వచ్చి రేపటికల్లా గుండె కావాలి, ఎల్లుండికల్లా అగ్నిపర్వతం కావాలి అంటారు. చేసి ఇస్తున్నాను గానీ ఏ పనిలోనూ మనసు లేదు. తలుపు టక్కున మూసుకున్న చప్పుడే చెవిలో ఉంది.

ఇంతలో స్కూలు నుంచి కబురొచ్చింది. తెరిచిన వారంలోనే ఎగ్జిబిషన్ పెడుతున్నాం, మీరు జడ్జిగా రావాలి అని. మా వీధి మొత్తానికి క్రియేటివిటీ అంటే మీరేనండీ అన్నాడు వచ్చిన గుమాస్తా. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ స్కూల్లో సగం మోడల్సు చేసింది నేను. నా మోడల్సుకి నేనే మార్కులు వెయ్యాలన్నమాట.

మంచి చీర కట్టుకుని వెళ్ళాను. హాలు నిండా బల్లలు, బల్లల మీద నా వేసవి అంతా వరసగా పేర్చి ఉంది. తల్లిదండ్రులు గోడల వెంబడి నిలబడి నన్ను చూసి కళ్ళతోనే బతిమాలుతున్నారు. ప్రిన్సిపాల్ మేడం నా పక్కనే నడుస్తోంది. పిల్లలు గుడ్ మార్నింగ్ వన్ అండ్ ఆల్ అని మొదలుపెట్టి, నేను రాసిచ్చిన ఇంగ్లీషునే నాకు గడగడా అప్పజెబుతున్నారు. ఒక పిల్లాడు డ్రిప్ ఇరిగేషన్ దగ్గర సగంలో ఆగిపోయి, నా చెవి దగ్గరికి వచ్చి గుసగుసగా అడిగాడు: "ఆంటీ, స్విచ్ ఎక్కడ పెట్టారు?"

నేను మొహం అటు తిప్పుకుని, "వెనకాల నాన్నా," అన్నాను. మేడం విన్నదో లేదో తెలియదు. నా చెవులు కాలిపోయాయి.

ఆఖరి వరసలో, కిటికీ పక్కన హారిక. పక్కన వాళ్ళమ్మ, చంకలో పసిపిల్లాడు. బల్ల మీద డ్యాము లేదు. టబ్బు ఉంది. నాంచారయ్య మళ్ళీ లోడు మీద వెళ్ళాడట. వాళ్ళమ్మ నా వైపు వంగి, "ఏది తీసుకెళ్తావే అంటే ఇదే పట్టుకుందండీ, వదిన గారూ. ఆయనకి నేనేం చెప్పాలో," అంది.

"ఎక్స్‌ప్లెయిన్," అంది మేడం.

బ్రిడ్జ్ కోర్సు టీచరు రాసిచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలు హారిక తప్పులేకుండా చెప్పింది. దిస్ ఈజ్ సీ. దిస్ ఈజ్ ఫీల్డ్. హై టైడ్, గేట్ ఈజ్ క్లోజ్డ్. చెప్పి, చెంబుతో సముద్రం వైపు నీళ్ళు పోసింది.

తలుపు కదల్లేదు. సగం తెరుచుకుని అలాగే బిగిసిపోయింది. నీళ్ళన్నీ కంతలోంచి బుడబుడమంటూ వెళ్ళి చేలో పడ్డాయి. ఎండు గడ్డి తేలింది. గోడ దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. ఎవరో "అయ్యో" అన్నారు. మేడం చేతిలో కాగితం మీద పెన్ను ఆగింది.

నా చేతులు లేచాయి. ఒక్క వేలితో కదిపితే చాలు, ఆ తలుపు పడుతుంది. జడ్జిని, ఎవరేమంటారు? అంతలో మా అత్తగారి బేసిను కళ్ళముందు మెదిలింది. చింతపండు లేదు. చీర కొంగు దొరికింది. దాన్ని రెండు చేతులా పట్టుకుని మెలిపెట్టాను, ఇప్పటికీ ఆ చీర కొంగు అక్కడ నలిగే ఉంది.

హారిక వంగి, తలుపుని కదిపి చూసింది. కీలు దగ్గర వేలితో రాసింది. వేలి చివర ఎర్రటి మరక. దాన్ని మేడంకి చూపించింది.

"తుప్పు మేడం. రస్టు. ఉప్పునీళ్ళల్లో నానింది కదా, తీగ పట్టేసింది." రాసిచ్చిన ముక్కలు అయిపోయాయి. ఇక సొంత మాటలే. "మా ఊళ్ళో తలుపుకీ ఇదే అయ్యింది మేడం. మా తాత గ్రీజు రాసినన్నాళ్ళూ క్లోజ్ అయ్యింది. తాత నీస్ పెయిన్, వెళ్ళలేదు. తర్వాత క్లోజ్ అవ్వలేదు. సీ వాటర్ కేమ్ మేడం. పాడీ నో."

"మరి ఇప్పుడేం చేస్తావు? ఇక్కడ గ్రీజు లేదుగా," అంది మేడం. ఆవిడ కూడా తెలుగులోకి దిగిపోయింది.

హారిక అటూ ఇటూ చూసింది. బల్ల మీద టబ్బూ చెంబూ తప్ప ఏమీ లేవు. తర్వాత చెయ్యి ఎత్తి, చెవి పక్కన జడలోకి వేళ్ళు పోనిచ్చి గట్టిగా దువ్వినట్టు లాగింది. నూనె మెరుస్తున్న వేళ్ళని కీలు మీద అటూ ఇటూ రాసింది. రీఫిల్ ముక్కని తిప్పింది, తలుపుని నాలుగుసార్లు ఊపింది. మళ్ళీ తలలో చెయ్యి పెట్టింది, మళ్ళీ రాసింది. చేలో పడ్డ నీళ్ళు చెంబుతో తోడేసి, సముద్రం వైపు పోసింది.

టక్కున మూసుకుంది.

నాకు ఏడుపొచ్చింది. అందరి ముందూ కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను, ఎందుకు దాచాలి. మేడం ఇంకా టబ్బు కేసే చూస్తూ, "ఈ ఆయిల్ ఎన్నాళ్ళు పని చేస్తుంది?" అని అడిగింది.

"కొన్ని రోజులే మేడం. మళ్ళీ రాయాలి. ఊరుకుంటే పట్టేసుద్ది."

షీల్డు మాత్రం అగ్నిపర్వతానికి వచ్చింది. స్కూలు కరస్పాండెంటు గారు అదే బాగుందని ముందే తేల్చేశారు. పొగ బాగా వచ్చిందట. రాదా మరి, చేసింది నేను. వెళ్ళేటప్పుడు ప్రిన్సిపాల్ మేడం గేటు దాకా వచ్చి, "ఆ పిల్ల సోమవారం నుంచి ఆరులో కూర్చుంటుందండీ. ఇంగ్లీషు మేం నేర్పుకుంటాం," అంది. నేను చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటుంటే నెమ్మదిగా ఇంకో మాట కూడా అంది: "రాజేశ్వరి గారూ, మీ చేతిపని నేను గుర్తుపట్టలేననుకున్నారా?"

ఆ మాట నాకు వారం రోజులు గుచ్చుకుంది. కోపం కూడా వచ్చింది. కాగితాలు ఇచ్చేది మీరు, కొనుక్కునేది తల్లిదండ్రులు, మధ్యలో నన్నెందుకు పొడవడం? కానీ స్విచ్ ఎక్కడని అడిగిన పిల్లాడి మొహం గుర్తొచ్చి కోపం నిలిచేది కాదు. పాపం వాడు చురుకైనవాడే. సెలవులన్నీ వాడి చేతులకి ఎవరూ పని ఇవ్వలేదు, అంతే.

నాంచారయ్య లారీ దిగి వచ్చాడు. కవరు విప్పని డ్యాము కౌంటరు మీద పెట్టాడు. "ఇంకెవరికన్నా అమ్ముకోండక్కా," అన్నాడు. వెనకే హారిక టబ్బు మోసుకొచ్చింది. అతను మా గుమ్మంలో గొంతుక్కూర్చుని, తనే చెంబుతో నీళ్ళు పోశాడు, తలుపు మూసుకోవడం చూశాడు, మళ్ళీ పోశాడు. "మా నాన్న గ్రీజు డబ్బా ఇప్పటికీ అటక మీదే ఉందక్కా," అన్నాడు. "ఈసారి వెళ్ళినప్పుడు నేను దిగి రాస్తాను."

"నేనూ వస్తా," అంది హారిక.

నేను ప్రాజెక్టులు మానేయలేదు, అబద్ధం ఎందుకు. షాపు నడవాలి. కానీ మరుసటి వేసవి నుంచీ ఒక పద్ధతి పెట్టాను. మోడల్ కావాలంటే పిల్లని పంపండి, సామాను నేనిస్తాను, మా వెనక గదిలో కూర్చుని చేసుకుంటారు అంటాను. కొందరు తల్లిదండ్రులు విసుక్కుని రైల్వే స్టేషను వైపు షాపుకి వెళ్ళిపోతారు. కొందరు పంపుతారు. గదంతా థర్మకోల్ పొట్టు, కారిపోయే నీళ్ళు, వంకర గీతలు, ఒకరి మీద ఒకరి ఫిర్యాదులు. సెలవులకి దివిసీమ వెళ్ళి వచ్చాక హారిక కూడా వస్తుంది. చిన్నపిల్లలకి కత్తి పట్టుకోవడం చూపిస్తుంది, చూపించి చేతులు వెనక్కి పెట్టుకుంటుంది. ఆ పిల్లకి వచ్చిన ఆ విద్య నాకింకా పూర్తిగా రాలేదు.

అందుకే వేసవి వచ్చిందంటే మా వీధిలో ఆడవాళ్ళంతా వాళ్ళ చింతపండు బుట్టలు తెచ్చి మా గుమ్మంలో పెట్టి వెళ్తారు. ఎవరిదైనా సరే, కాదనను. పిల్లల మధ్యలో పీట వేసుకుని, బేసిను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను. గోడ పడిపోతుంది, చక్రం తిరగదు, ఎవరో ఒకరు ఏడుపు మొహంతో వచ్చి, ఆంటీ, ఒక్కసారి మీరు పెట్టివ్వరూ అంటారు. నా వేళ్ళు జివ్వుమంటాయి. పులుపు అంటిన రెండు చేతులూ పైకెత్తి చూపిస్తాను.

"నా చేతులు ఖాళీ లేవు నాన్నా. నువ్వే చూడు."